పదిహేడు వందల అరవై రెండో అడుగు

నేను ఒక వెదురు కర్రను. నాలుగున్నర అడుగుల పొడవు, పిడికిట్లో సరిగ్గా ఇమిడే లావు, అడుగున ఇనప పొన్ను. పుట్టింది మారేడుమిల్లి వైపు కొండల్లో. నరికిన మనిషి పేరు తెలియదు. వంకరగా ఉన్నానని నూనె రాసి, సెగ మీద పట్టి, మోకాలికి ఆనించి నన్ను సాపు చేశాడు.

సంతలో ఒక గేదెల బేరగాడు కొన్నాడు. రెండేళ్ళపాటు గేదెల వీపుల మీద చప్పుడు చేయడమే నా పని. అవి నన్ను లెక్కచేసేవి కావు. తమకు తోచిన దారినే పోయేవి. బేరగాడు మాత్రం తానే తోలుతున్నానని నమ్మేవాడు. ఒకరోజు గోదావరి దాటుతూ నన్ను పడవలో మరిచిపోయాడు. పడవవాడు చాలాకాలం నాతో రేవు దగ్గర లోతు చూసుకున్నాడు. తర్వాత వంతెన వచ్చింది, పడవ ఆగిపోయింది. వెళ్ళిపోతూ నన్ను తన స్నేహితుడు గంగులు చేతిలో పెట్టాడు.

గంగులు చింతలరేవు లాకుల దగ్గర లస్కరు. అంటే కాలువకీ ఏటిగట్టుకీ కాపలా మనిషి. రోజూ నాలుగు మైళ్ళు గట్టు మీద నడవాలి. చాలా సుఖమైన నడక అది. ఒక పక్క గోదావరి, రెండో పక్క కనుచూపు మేర వరిచేలు, మధ్యలో నున్నటి దారి. ఎక్కడా ఎక్కే పని లేదు, దిగే పని లేదు. చూసేవాళ్ళకి గంగులు షికారు చేస్తున్నట్టే ఉండేది. ఆయన పది అడుగులకోసారి నన్ను గట్టులో పొడుస్తున్నాడని ఎవరూ గమనించేవారు కాదు.

గట్టి నేలైతే టక్కుమంటాను. లోపల ఎలకలో పీతలో బొరియలు తవ్వి ఉంటే గుబుక్కున దిగిపోతాను. వరద రోజుల్లో బొరియ కనబడితే గంగులు ఒకటే పద్ధతి పాటించేవాడు. కర్రను బయటికి తీయడు. అక్కడే వదిలేసి మనుషుల కోసం పరుగెత్తుతాడు. కర్ర కొంత కన్నాన్ని మూస్తుంది, చోటునూ చూపిస్తుంది. పద్దెనిమిదేళ్ళలో మూడుసార్లు అలా గట్టులో నిలబడి ఆయన కోసం ఎదురుచూశాను.

పద్ధతి మంచిదే. కాకపోతే గంగులు ఇంటివాళ్ళకి తప్ప అది ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ శ్రావణంలో గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. నీళ్ళు గట్టు భుజాల దాకా వచ్చి బరువుగా కదులుతున్నాయి. పొద్దున్న ఏడింటికి, సన్నటి తుంపరలో, గంగులు నన్ను పొడిచాడు. నేను మూరెడు దిగిపోయాను. కింద చల్లటి నీళ్ళు నా పొన్నును తాకి పొలం వైపు పోతున్నాయి.

గంగులు తొంగి చూశాడు. సరిగ్గా ఆ కింద ఉన్నది ఆయన భార్య మంగాయమ్మ కౌలు చేను. ఎకరన్నర. నాట్లు వేసి నాలుగు రోజులైంది. దాని వెనకే వాళ్ళ పేట, నలభై ఇళ్ళు. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. ఆయన నన్ను వదిలేసి, మనుషులూ ఇసక బస్తాలూ ఉన్న లాకుల షెడ్డు వైపు పరుగు తీశాడు.

సరిగ్గా పది నిమిషాలకి చయనులు మాస్టారు వచ్చాడు.

మాస్టారు రాజమండ్రిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. షుగరు తగ్గాలంటే నడవమని డాక్టరు చెబితే, ఈ గట్టు కోసమే చింతలరేవులో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వరదొచ్చినా నడక మానడు. ఫోను చెప్పే అడుగుల లెక్క మీద నమ్మకం లేదు. రేవు మెట్ల దగ్గర ఒకటితో మొదలుపెట్టి తనే పైకి లెక్కపెట్టుకుంటాడు. ఆయనకి ఉన్నదల్లా ఒకటే భయం, కుక్కలు. ఎవరూ లేని గట్టు మీద మంచి కర్ర ఒకటి నిటారుగా నిలబడి ఉంటే, దేవుడే పంపాడనుకున్నాడు.

నన్ను పీకాడు. తడి గడ్డి కన్నం మీద మూసుకుపోయింది. ఆయన నన్ను ఊపుకుంటూ ముందుకు సాగాడు. నేను ఎన్నో చేతులు చూశాను గానీ అంత ఆనందంగా అంత పెద్ద తప్పు చేసిన చేయి చూడలేదు.

గంగులు నలుగురు మనుషులతో తిరిగొచ్చేసరికి గట్టు ఖాళీగా ఉంది. ఎటు చూసినా ఒకే గడ్డి, ఒకే మట్టి. చేలో చూద్దామంటే నాట్లు వేసిన నీళ్ళు అప్పటికే బురదగా ఉన్నాయి. అందులో కొత్త బురద ఎక్కడ కలుస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మనుషులు గునపాలతో తలా ఒకచోట వెతకసాగారు. కబురు విని వచ్చిన మంగాయమ్మ వెతకలేదు, ఆలోచించింది. లాకుల వైపు నుంచి వచ్చినవాళ్ళకి కర్రతో ఎవరూ ఎదురుపడలేదు. కాబట్టి తీసినవాడు అవతలి వైపు పోయాడు. చీర బిగించి పరుగెత్తింది.

పంపుషెడ్డు దాటాక మమ్మల్ని పట్టుకుంది.

"ఆ కర్ర ఎక్కడ తీశారండీ?"

"గట్టు మీద పడి ఉంటే..."

"పళ్ళేదు. నిలబెట్టుంది. ఎక్కడ?"

మాస్టారు వెనక్కి చూపించాడు. గట్టు పొడుగంతా మీరు చూపిస్తున్న వైపే ఉందని ఆవిడ అంది. ఆ కర్ర కింద ఏమున్నదో, గట్టు తెగితే ఏం పోతుందో నాలుగు మాటల్లో చెప్పింది. మాస్టారి ముఖం పాలిపోయింది. కానీ మరుక్షణం ఆయన కళ్ళు మూసుకున్నాడు, పెదవులు కదిపాడు.

"పదిహేడు వందల అరవై రెండో అడుగు దగ్గర వంగాను. లెక్క మరిచిపోతానని రెండుసార్లు పైకి అనుకున్నాను. ఇప్పుడు మూడు వేల నూరులో ఉన్నాను. పదమూడు వందల ముప్పై ఎనిమిది వెనక్కి నడవాలి."

"అయితే పరిగెట్టండి."

"పరిగెడితే అడుగు సాగుతుందమ్మా. లెక్క తప్పుతుంది. నా నడకే నడవాలి."

నడిచాడు. రోజూ నడిచే నడక, తొందర లేని నడక. వెనక మంగాయమ్మ. పొలం మునుగుతుంటే ముందు మనిషి షికారులా పోతున్నాడు, ఆవిడ తోయకూడదు, తిట్టకూడదు, మాట్లాడకూడదు. నా జీవితంలో అంతకన్నా పొడుగు దారి లేదు.

ఆరు వందలు దాటాక రైసుమిల్లు గుమాస్తా ఒకడు గొడుగేసుకుని ఎదురొచ్చాడు. షుగరెంతుంది, భోజనంలో ఏం తింటున్నారు అని మొదలుపెట్టాడు. మాస్టారు నోట్లో ఆరు వందల నలభై ఒకటి ఉంది. మంగాయమ్మ మధ్యలోకి వచ్చి, గుమాస్తా గొడుగు పట్టుకుని పక్కకి లాగింది.

"ఆరితో మాటాడితే నిన్ను ఏట్లో పడేత్తాను బావా."

బావ గొడుగు సర్దుకుని, ఏమిటో తెలియకుండానే తనూ వెనక నడిచాడు. గంగులు మనుషులు కనబడ్డారు. మాస్టారు వాళ్ళను దాటి ఇంకా ముందుకు పోతుంటే వాళ్ళూ గునపాలు భుజాన వేసుకుని వెంట వచ్చారు. గట్టు మీద ఒకే గొంతు అంకెలు చెబుతోంది.

"పదమూడు వందల ముప్పై ఎనిమిది."

నన్ను పొడిచాడు. టక్కుమన్నాను.

గట్టి నేల. మాస్టారు గంగులు వైపు చూడలేకపోయాడు. గంగులు మెల్లిగా నన్ను తన చేతిలోకి తీసుకున్నాడు. అడుగు ముందు పొడిచాడు, గట్టి. రెండడుగులు, గట్టి. నాలుగో అడుగులో నేను గుబుక్కున దిగిపోయాను. ఈసారి మూరెడు కాదు, నడుం దాకా. అదే క్షణంలో కింద చేలోకి దూకిన మంగాయమ్మ కేక వినబడింది. పాదం కింద మట్టి ఉడుకుతున్నట్టు లేస్తోందట.

బస్తాలు పడ్డాయి. చేలో ఊట చుట్టూ ఒక వరస, ఏటి వైపు కన్నం మీద ఇంకో వరస. తడి వాలు మీద బస్తాలు జారుతుంటే గుంజలు దిగ్గొట్టారు. షెడ్డు నుంచి బస్తాలతో పాటు ట్రాక్టరులో వచ్చిన గుంజలు ఐదే. చివరి బస్తా ఇంకా జారుతోంది. ఆరో గుంజ లేదు.

గంగులు నా వైపు చూశాడు. పద్దెనిమిదేళ్ళు చేతిలో తిప్పిన మనిషి. ఎక్కువసేపు చూడలేదు. సమ్మెట అందుకున్నాడు. మాస్టారు వచ్చి రెండు చేతులతో నన్ను ఆ బస్తాకి ఆనించి నిటారుగా పట్టుకున్నాడు. చేతులు నలుగుతాయి జాగ్రత్త అని గంగులు అన్నాడు గానీ ఆయన వదల్లేదు. ఆరు దెబ్బల్లో నా తల నేలమట్టమైంది.

రెండు రోజుల తర్వాత గోదావరి తగ్గుముఖం పట్టింది. గట్టు నిలిచింది. చేను నిలిచింది. ఆఫీసరు జీపులో వచ్చి, కిందికి దిగకుండానే, గట్టుకి నష్టమేమీ లేదని రాసుకుని వెళ్ళాడు. ఆయన రాసింది నిజమే.

తర్వాత నా మీద మట్టి వేసి గడ్డి నాటారు. నేనెక్కడున్నానో చూపించడానికి గుర్తేమీ పెట్టలేదు, పెట్టమని నేను అడగనూ లేదు. పైన జనం నడుస్తారు. ఈ దారంత హాయి ఇంకెక్కడా లేదని ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఏటి వైపు నుంచి గోదావరి ప్రతి ఏడూ వచ్చి భుజం ఆనిస్తుంది. నేనూ ఆనిస్తాను. ఇప్పటిదాకా వెనక్కి తగ్గింది అదే.