రెండు తోకలు

శనివారం నడకకు మొదటి నియమం, ఎవరూ చివర రాకూడదు. అందుకని ఒక మనిషి వీపు మీద ‘తోక’ అని రాసిన చేతుల్లేని కోటు తొడుక్కుని అందరి వెనక నడుస్తాడు. అయిదు కిలోమీటర్లూ పరుగెత్తినవాళ్ళు, నడిచినవాళ్ళు, కుంటినవాళ్ళు గీత దాటాక తోక దాటుతుంది. చివరి స్థానం తోకది. మిగతావాళ్ళకి ఆ బెంగ లేదు.

తొంభై ఆరు వారాలుగా తోక గడియారాల మేస్త్రీయే. ఆరు రోజులు దుకాణంలో గోడకు ముఖం పెట్టి కూర్చుంటాడు. ఆయనతో నలుగురు నాలుగు మాటలాడేది శనివారం పొద్దునే. చిన్న మరలు చూసే కంటద్దాన్ని నుదుటి మీంచి తీయడం మరిచిపోయి నడకకు వచ్చేస్తాడు. కిందటి శనివారం నడక అయ్యాక, చిరిగిన కోటును అక్క చేతికిచ్చి, జ్వరంతో మంచమెక్కాడు.

నడక నడిపేది అక్కే. కోటు బాగుచేయమని మొగుడికిచ్చింది. మొగుడు దర్జీ, మేస్త్రీకి బావ. తమ్ముడు లేవలేడనుకుని ఈ వారం తోకగా మొగుణ్ణి నడవమంది. దర్జీకి మాసిక వేసిన కోటు తొడుక్కోవడం నామోషీ. పాతదానికి మాసిక వేశాడు, తనకోసం కొత్తది కుట్టుకున్నాడు. శనివారం అక్క రెండూ బల్ల మీద పెట్టి స్టాప్‌వాచీ వెతుక్కుంటోంది. జ్వరం తగ్గిన మేస్త్రీ వచ్చి పాతది తొడుక్కుపోయాడు. బావ వచ్చి కొత్తది తొడుక్కుపోయాడు.

ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. మేస్త్రీ బాగుచేసిన గోడగడియారం అయిదు నిమిషాలు వెనకబడుతోందని బావ అన్నాడు. గడియారం కాదు, నీ గోడే వంకరని మేస్త్రీ అన్నాడు. అంతే.

దారంతా ఒకరికన్నా ఒకరు వెనకబడాలని చూశారు. ఒకడు లేసు కట్టుకోవడానికి వంగితే రెండోవాడు చెట్టు చూస్తూ నిలబడ్డాడు. ముందు నడిచే లెక్కల టీచరుకు మోకాళ్ళ నొప్పి. వీళ్ళు ఆమెకన్నా నెమ్మది.

“టీచరమ్మా, ఆయన్ని ముందు నడవమనండి,” అన్నాడు మేస్త్రీ.

“తోక ముందుకెలా పోతుందో ఆయన్నే అడగండమ్మా,” అన్నాడు బావ.

“నా మోకాలి గోల నాకు చాలు నాయనా,” అని ఆమె గీత దాటేసింది.

గీతకు అడుగు దూరంలో ఇద్దరూ ఆగిపోయారు. అప్పటికి టైం తొమ్మిదీ నలభై. మైదానం ఇచ్చినవాళ్ళ షరతు ఒకటుంది. పదికల్లా చివరి మనిషి గీత దాటాలి. దాటకపోతే వచ్చే వారం నుంచి నడక లేదు. ఆ సంగతి అక్కడున్న అరవైమందికీ తెలుసు. మేస్త్రీకి అందరికన్నా బాగా తెలుసు.

బేకరీ ఆయన ఇద్దర్నీ తోసేద్దామన్నాడు. నర్సు జ్వరం మనిషని జాలిపడి కుర్చీలు వేయించింది. ఇద్దరూ కూర్చున్నారు. ముందు లేచినవాడు ముందు దాటాల్సి వస్తుందని ఇక లేవలేదు.

“ఒరేయ్, పెద్దదాన్ని చెప్తున్నా. నువ్వు దాటరా,” అంది అక్క.

“తొంభై ఆరు వారాలక్కా! ఒక్కసారైనా ఎవరికన్నా ముందొచ్చానా?”

“పోనీ, ఏమండీ, మీరు?”

“ఎవర్నీ వెనకొదలనని మాటిచ్చి తొడుక్కున్నానే. వీణ్ణొదిలేసి పోతే నా మాటేం కాను?”

కోర్టు గుమాస్తా నియమాల కాగితం తెప్పించి రెండుసార్లు చదివాడు. “తోక ఎంతమందో రాయలేదు. కోటు ఒకటే ఉండాలని ఉంది,” అన్నాడు.

బావ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. టోపీ అంచులోంచి సూది తీశాడు, జేబులోంచి దారం తీశాడు. దారం సూదిలోకి పోలేదు. తడిపాడు, మెలితిప్పాడు, ఒక కన్ను మూశాడు. పోలేదు. కళ్ళజోడు ఇంట్లో ఉంది.

మేస్త్రీ నుదుటి మీది అద్దాన్ని కంటికి దించుకున్నాడు. “ఇటివ్వు,” అన్నాడు.

మూడేళ్ళకు మొదటి మాట అది. దారం ఒక్క పోటుకే ఎక్కింది.

బావ రెండు కోట్ల అంచులూ కలిపి చంకల దగ్గర్నుంచి కుట్టడం మొదలెట్టాడు. “కదిలావంటే తోలుతో కలిపి కుట్టేస్తా.”

“పొడుగు కుట్లు వెయ్యి బావా, టైం లేదు.”

“నీ గడియారాల్లా కాదు, నా కుట్టు నిలవాలి.”

నాలుగు కాళ్ళ తోక లేచి గీత దాటింది. అక్క స్టాప్‌వాచీ నొక్కి, అందులో టైం చూసి ముఖం తిప్పుకుంది. పదీ మూడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రీ తల దించుకున్నాడు.

మైదానం కాపలాదారు తాళం ఊపుకుంటూ వచ్చాడు. “అందరూ అయిపోయినట్టేనా? భలే, ఇంకా రెండు నిమిషాలుంది,” అన్నాడు. “గదిలో గడియారం చూసే వస్తున్నా. నిరుడు మన మేస్త్రీగారు బాగుచేసిందేగా, తిరుగుండదు.” పుస్తకంలో తొమ్మిదీ యాభై ఎనిమిది అని రాసుకుని గేటు వైపు వెళ్ళాడు.

అప్పుడు కొట్టారు చప్పట్లు.

బావ కొట్టలేదు. పెళ్ళాం చేతిలో స్టాప్‌వాచీ చూశాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అయిదు. మేస్త్రీ మెల్లగా పక్కకు జరగబోయాడు. కుట్టు గట్టిది. బావ కూడా వచ్చాడు.

“ఆ గది గోడ కూడా వంకరేనంటావా?” అన్నాడు చెవిలో.

మేస్త్రీ చుట్టూ చూశాడు. టీచరు మోకాలికి నర్సు పట్టీ చుడుతోంది. బేకరీ ఆయన వచ్చే వారం ఎవరెవరొస్తారో రాసుకుంటున్నాడు. కాపలాదారు గేటు దాకా వెళ్ళేవరకు ఆగాడు.

“నీ గోడ తిన్ననిదే బావా,” అన్నాడు. “సాయంత్రం వచ్చి మీ గడియారం సరిచేస్తా. వాడిది మాత్రం చచ్చినా ముట్టుకోను.”