అడవి దుకాణం గోడ మీది ఫోటో

సుగుణమ్మకు ఒంట్లో ఏ రోగమూ లేదు, ఒక్క కడుపుమంట తప్ప. ఆ మంట పేరు రామమ్మ. బావ మల్లయ్య పెళ్లాం, తనకు యారాలు. ముప్పై అయిదేళ్ల కింద ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లయిన నాడే అంటుకున్న మంట అది. పండక్కి మొదటి చీర పెద్దకోడలికే, మొదటి వడ్డన పెద్దకోడలికే, పాలిచ్చే బర్రె కూడా పెద్దకోడలికే పోయింది. మల్లయ్య చనిపోయి పదేళ్లు దాటింది, రామమ్మ బొట్టు తీసేసింది, అయినా ఊళ్లో ఏ సంగతి అడగాలన్నా జనం మొదట ఆమె అరుగు మీదికే పోతారు. మొగుడు పోయిన ఆడమనిషి మీద కళ్లలో నిప్పులు పోసుకోవడం పాపం కాదా అంటారా? పాపమే. సుగుణమ్మకూ తెలుసు. తెలిసి మానుకోగలిగేదైతే దాన్ని కుళ్లు అని ఎందుకంటారు?

ఊరి పొలిమేరలో, అమ్రాబాద్ ఘాటు ఎక్కే దారి పక్కన, ‘జంగిల్ దునియా’ అని ఒక పార్కు లేచింది. సిమెంటు చెట్లు, పైపుల్లోంచి దూకే జలపాతం, మీట నొక్కితే గాండ్రించే పులి. అరగంట పోతే అసలు నల్లమలే ఉండగా ఈ నకిలీ అడవికి టికెట్టు కొనేదెవరని ఊరంతా నవ్వింది. ఆ తర్వాత ఊరంతా అక్కడే పనికి కుదిరింది. సుగుణమ్మ కూడా చీపురు పట్టింది.

పార్కు నడుమ తాటాకు కప్పుతో ‘అడవి దుకాణం’ కట్టారు. టోపీలు, తేనె సీసాలు, ప్లాస్టిక్ పులులు అమ్మడానికి. అయితే దానికొక కథ కావాలట. పట్నం నుంచి వచ్చిన మనీష అనే పిల్ల పనే అది, నిన్న కట్టిన కొట్టుకు ఎన్నో ఏళ్ల పాత కథ కల్పించి గోడ మీద రాయించడం. ఊళ్లో అడవి వ్యాపారం చేసినవాళ్లెవరని ఆమె ఆరా తీస్తే అందరిదీ ఒకటే మాట. “మల్లయ్య. ఆయన పెండ్లాన్ని అడుగు బిడ్డా.”

నిజమే గానీ, సగం నిజం. అన్నదమ్ములిద్దరూ చేసిన వ్యాపారం అది. అడవిలో చెంచుల పెంటల దగ్గర, అంటే వాళ్ల గూడేల దగ్గర, గుడిసె వేసుకుని, ఉప్పు, కిరసనాయిలు ఇచ్చి తేనె, జిగురు, కుంకుడుకాయలు తీసుకునేవాళ్లు. మల్లయ్య తరాజు పట్టుకుని కూర్చునేవాడు. ఉప్పు బస్తాలు భుజాన వేసుకుని ఘాటు ఎక్కింది మాత్రం తమ్ముడు భీమయ్య, అంటే సుగుణమ్మ మొగుడు.

మనీష కథ రాసుకుని ఒక సాయంత్రం రామమ్మ అరుగు మీద కూర్చుని చదివి వినిపించింది. గోడకు ఇవతల సుగుణమ్మ గిన్నెలు తోముతూ చెవులు అటే పెట్టింది.

“చాలా ఏళ్ల కింద, దట్టమైన అడవిలో, మల్లయ్య అనే ధైర్యవంతుడు ఒంటరిగా ఈ దుకాణం తెరిచాడు...”

ఒంటరిగానా! సుగుణమ్మ చేతిలోని చెంబు జారిపోయింది. “ఆయన ఫోటో గోడ మీద నట్టనడుమ పెడతామమ్మా” అని ఆ పిల్ల అంటుంటే ఇక వినలేకపోయింది. కథ ఇంకా సగం కూడా కాలేదు. తోమినవీ తోమనివీ ఒకే తట్టలో పడేసి ఇంట్లోకి నడిచింది.

“తరాజు పట్టినోడు షావుకారట! బస్తా మోసినోడు గాడిదనా?” అంటూ మొగుడి ముందు కంచం పెట్టింది, పెట్టడం కాదు, విసిరింది.

భీమయ్య సంగతి విని అన్నం కలుపుకుంటూ, “అన్న పేరు రాస్తున్నరా? మంచిగైంది తియ్” అన్నాడు.

“నీ నెత్తి మంచిగైంది! నువ్వు గిట్ల మొద్దులెక్క ఉండబట్టే నా బతుకు గిట్లయింది.”

మర్నాడు పెట్టె అడుగు నుంచి ఒక పాత ఫోటో తీసింది. పాతికేళ్ల భీమయ్య, తలకు రుమాలు, మెలేసిన మీసం, స్టూడియోలో తీయించుకున్నది. కొంగులో చుట్టుకుని తిన్నగా మనీష దగ్గరికి పోయింది.

“బిడ్డా, నీకు తప్పు జెప్పిండ్రు. దుకాణం నడిపింది మా ఆయిన. మా బావ ఉట్టిగ కూసునేటోడు.”

ఈ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఒక్క పిసరు కూడా వణకలేదు. మనీష ఫోటో చూసి ముచ్చటపడింది. “అబ్బ, ఏం మీసం ఆంటీ! ఆ పెద్దాయన ఫోటో కొంచెం నీరసంగా ఉండె. ఇదే పెడదాం. కథ అట్లనే ఉంచి పేరొక్కటి మారుస్తా. ఆఖరు మాత్రం అదిరిపోతది, చూడండి.”

ఆఖరు ఏమిటని సుగుణమ్మ అడగలేదు. ఫోటోలో మనిషి ఉన్నాడా పోయాడా అని ఆ పిల్లా అడగలేదు. కల్పించిన కథకు ఆ వివరాలతో పనేముంది?

మల్లయ్య ఫోటో తిరిగి ఇచ్చొచ్చే పని కూడా సుగుణమ్మే అడిగి మరీ తీసుకుంది. రామమ్మ గడపలో నిలబడి, “అక్కా, గీ ఫోటో అక్కర లేదన్నరు. మా ఆయినది పెడుతున్నరు” అంది, గొంతులో ఎక్కడలేని తీపి నింపుకుని.

రామమ్మ ఫోటో అందుకుని కొంగుతో అద్దం తుడిచింది. “ఇంటి ఫోటో ఇంటికొచ్చింది, గంతే గద” అంది. అంతలోనే ఉలిక్కిపడి తలెత్తింది. “ఆగు, మరిది ఫోటోనా? వద్దు చెల్లె. గా కత ఆఖరుకు ఏమైతదో నీకు ఎర్కనా...”

“నీకు ఓర్వబుద్ధి అయితలేదు, గదే గద! గిన్నేండ్ల సంది నువ్వు ముంగట, నేను ఎన్క. ఒక్కసారి నేను ముంగట నడిస్తె నీ సొమ్మేం బోయింది?”

రామమ్మ ఫోటో చంకన పెట్టుకుని లోపలికి పోయింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని తనకు తానే చెప్పుకుంటూ సుగుణమ్మ ఇల్లు చేరింది. ఆ పూట ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

పార్కు తెరిచే రోజు కోసం ఊరంతా తిరిగి ఇంటింటికీ పిలుపులు చెప్పింది. భీమయ్యకు కొత్త ధోవతి కట్టించింది, తను పట్టుచీర కట్టింది. రామమ్మను కూడా పిలిచింది. చూసి ఏడవడానికి ఒక మనిషి ఉండాలి కదా!

దుకాణం ముందు జనం గుమిగూడారు. తెర లాగారు.

మొదట సుగుణమ్మకు మీసమే కనిపించింది. గోడ నట్టనడుమ మొగుడే. అబ్బ, ఏమున్నాడు! తర్వాత ఫోటో అద్దం మీద పెట్టిన కుంకుమ బొట్టు కనిపించింది. ఆ తర్వాత గంధపు చెక్కల దండ. దాని కింద మిణుకుమంటున్న ఎర్రబల్బు. పుట్టిన సంవత్సరం, పక్కనే గిట్టిన సంవత్సరం. స్పీకర్లో గొంతు మొదలైంది. “తేనె కోసం ఒంటరిగా లోయలోకి దిగిన భీమయ్య మళ్లీ తిరిగి రాలేదు. ఆయనను పొట్టన పెట్టుకున్న పులి ఇప్పటికీ ఈ దుకాణం చుట్టూ తిరుగుతూనే ఉంది...” వెంటనే సిమెంటు పులి గాండ్రించింది. పట్నం పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఊరివాళ్లు కొట్టలేదు. ముసలి నర్సింహ ఒక్కడే, “ఏందిర భీమయ్యా, దినాలకు గూడ పిలువకనే పోయినవా?” అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. భీమయ్య కూడా నవ్వాడు. అతనికి మీసం నచ్చింది.

సుగుణమ్మ చెయ్యి తనకు తెలియకుండానే పుస్తెలతాడు మీదికి పోయింది.

“తియ్యుండ్రి! గా దండ తియ్యుండ్రి! నా మొగడు బతికే ఉన్నడు!”

మనీష పరుగెత్తుకొచ్చింది. “ఆంటీ, అది కథే కదా! నిజం కాదు కదా!”

“నీ కత గంగల గలువ! ఫోటోకు దండ వడ్డంక కతేంది, నిజమేంది?”

“అయ్యో, తీసేస్తా ఆంటీ, ఏడవకండి. కానీ కథంతా ఆ దండ మీదే ఉంది. పార్కు ఓనరు సారు వాళ్లు గేటు దాకా వచ్చిండ్రు, ఉత్త గోడ ఎట్ల చూపించాలి? ఇంకో ఫోటో ఏదన్నా...”

సుగుణమ్మ తల తిప్పి వెతికింది. రామమ్మ అందరికీ వెనక, సిమెంటు చెట్టు పక్కన నిలబడి ఉంది. శుభకార్యం ఏదైనా సరే, మొగుడు పోయిన నాటి నుంచి ఆమె జాగా వెనకే. అది సుగుణమ్మ ఏనాడూ గమనించలేదు. ఆమె కొంగు కింద నలుచదరంగా ఏదో ఉంది.

దగ్గరికి పోయి, “అక్కా” అంది సుగుణమ్మ. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? రామమ్మే కొంగు తీసి ఫోటో చేతిలో పెట్టింది.

“పట్టు. ఆయినకు దండ కొత్త గాదు.”

సుగుణమ్మకు ఏడుపు ఆగలేదు. “గీ పులి ముచ్చట నీకు ముందుగాల్నే ఎర్కనా?”

“ఎర్కే. నేనే ఒప్పుకున్న. దవాఖాన మంచంల దగ్గి దగ్గి సచ్చిండు, ఎవలికి యాదికున్నది? పులి తిన్నదంటె జర పేరన్న ఉంటది.”

సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుని జనం నడుమ నుంచి ముందుకు లాక్కుపోయింది. “నేనెందుకే ముంగటికి, మంచిగుండదు” అని రామమ్మ వెనక్కి గుంజుకుంటుంటే, “నువ్వే పెట్టాలె, నడువ్” అని గదమాయించింది. రామమ్మ స్టూలెక్కి భీమయ్య ఫోటో దించి మల్లయ్య ఫోటో పెట్టి, దండ సర్దింది. ఆమె దిగేదాకా సుగుణమ్మ స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. పెయింటరు వచ్చి గోడ మీది పేరు, సంవత్సరాలు మార్చాడు, స్పీకర్లో పేరు మనీష మార్పించింది.

కుళ్లు పోయిందా అంటే, ఎక్కడ పోతుంది! మొన్న రామమ్మ బర్రె పెయ్యదూడను ఈనిందని సుగుణమ్మకు రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ రోజూ పొద్దున పార్కు ఊడ్చేటప్పుడు బావ ఫోటో మాత్రం తనే తుడుస్తుంది, వేరేవాళ్లను ముట్టనివ్వదు. భీమయ్య ఫోటో పెట్టె అడుగున, బోర్లా పడుకుని ఉంది.

పని దిగి ఇంటికి రాగానే ఆమె కాళ్లు కడుక్కోదు, మంచినీళ్లు తాగదు. ముందు వాకిట్లో మంచం దగ్గరికి పోయి నిలబడుతుంది.

“ఏందే, గట్ల జూస్తున్నవ్?” అంటాడు భీమయ్య.

“ఏం లేదు. ఉన్నవా లేవా అని.”