హోబర్ట్ ట్రక్కు మీట

మా వర్జీనియా కొండల్లో బండి కొంటే సరిపోదు, ఉంచుకున్నన్నాళ్లూ ఏటా దాని మీద పన్ను కట్టాలి. కౌంటీ ఆఫీసులో ఆ పన్నుల కిటికీ వెనక కూర్చుని తిట్లు తినడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా తింటున్నాను, ఇప్పుడు బాగానే అరుగుతున్నాయి.

యుద్ధంలో పూర్తిగా వికలాంగులైన సైనికులకు ఆ పన్ను మాఫీ. వాళ్లు పోయాక భార్యలకూ ఉంటుంది. కాకపోతే ఒక్క బండికే, అదీ ఆమె రోజూ వాడుకునే బండికే. మార్చిలో వెర్లీన్ ఏకర్స్ ఆ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. వియత్నాంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆమె భర్త హోబర్ట్, పెడళ్లకు బదులు ఎడమచేత్తో నొక్కే మీటతో నలభై ఏళ్లు ట్రక్కు నడిపి, క్రిస్మస్‌కు ముందు పోయాడు.

దరఖాస్తులో ఆ ట్రక్కు నంబరే రాసింది. ఆమెకో చిన్న కారుందని నాకు తెలుసు, ఆదివారం చర్చి దగ్గర నా బండికి అడ్డంగా పెట్టేది అదే. కారుకే మాఫీ పెట్టుకోమన్నాను. ట్రక్కు అమ్మెయ్యమని ఆమె తమ్ముడు కూడా పోరుతున్నాడట. రెండింటినీ ఉంచుకునే స్తోమత లేదట. అయినా మాఫీ ట్రక్కుకే కావాలంది. నాకు చిరాకేసింది.

"ట్రక్కు నువ్వు నడుపుతున్నావా అక్కా?"

"లేదే, డ్రీమా. షెడ్డులో ఉంది. అప్పుడప్పుడూ వెళ్లి అందులో కూర్చుంటా. ఇంకా ఆయన పొగాకు వాసనొస్తుంది."

"కూర్చోడానికి మాఫీ ఇవ్వరు. రోజూ నడుపుతానని సంతకం పెట్టాలి."

ఎవరూ వచ్చి చూడరని ఇద్దరికీ తెలుసు. ఇంకొకరైతే ఈపాటికి గీకేసి పోయేవారు. ఆమె పెన్ను తీసుకుని, మళ్లీ కింద పెట్టేసింది. హోబర్ట్ పేరు మీద అబద్ధం ఆడలేనంది. అంత పెడసరంగా మాట్లాడాల్సింది కాదని ఆ రోజంతా బాధపడ్డాను.

దరఖాస్తు గడువు రేపనగా ఆఫీసు ముందు ధడేలుమని చప్పుడైంది. చూస్తే హోబర్ట్ ట్రక్కు మా పూలతొట్టెను గుద్ది ఆగి ఉంది. వెర్లీన్ దిగి లోపలికొచ్చింది. కారు అమ్మేసిందట. నెలరోజులుగా దుకాణానికైనా, చర్చికైనా ఆ ట్రక్కేనట. ఎడమ మణికట్టుకు కట్టుంది, మీట నొక్కీ నొక్కీ బెణికిందట.

కాళ్లతో తొక్కే పెడళ్లు కూడా ఉన్నాయి కదా, మీటతో ఎందుకని అడిగాను.

"మొదట కాళ్లతోనే నడిపా. తర్వాత ఆయనలా నడిపి చూద్దామనిపించింది. మా చెల్లెలి ఊరు రెండు గంటల దారి. సగం దూరం వెళ్లేసరికి చెయ్యి ఎత్తలేకపోయా."

సంతకం పెట్టింది. నేను ముద్ర వేశాను. ఆమె కదల్లేదు.

"ఎన్నిసార్లు రమ్మన్నా మా చెల్లెలింటికి వచ్చేవాడు కాదు, డ్రీమా. నావాళ్లంటే పడదనుకున్నా. పోయేదాకా దెప్పుతూనే ఉన్నా. చెయ్యి నొప్పని ఒక్కసారి చెప్పొచ్చు కదా."

ఇకనైనా కాళ్లతో నడపమన్నాను. అలాగేనంది.

కిటికీలోంచి చూశాను. తొట్టె దగ్గర్నుంచి బండి వెనక్కి తీస్తూ, కట్టున్న చేత్తోనే మీట పట్టుకుంది.