గీత క్రింది తేది

జ్యేష్ఠమాసమున ఆంధ్రదేశపు టుత్తరాంచలమందు, సముద్రపుటొడ్డున నున్న మొగలిదిబ్బ విమానశిక్షణాలయమున, సూర్యుడు తక్కిన తెలుగునేలకంటె ముందుగా పొడచూపును. రాత్రి కురిసిన జల్లుకు తడిసిన పచ్చికమీదుగా లవణగంధిలమైన గాలి మెల్లమెల్లగ వీచుచుండ, నిశాశేషధూసరమైన రన్‌వే కొసను అరుణకాంతిలేశము సోకకమున్నే, తెల్లని చిన్న విమానమొకటి భ్రమరఝంకారమువంటి రొదతో నేలవిడిచి తరంగమాలికలమీదుగా నెగసి క్రింద వలలు దిగవిడుచు తెప్పలవారి కన్నులకు చిటికెనవ్రేలంతయై తోచెను. అది జూన్ పండ్రెండవ తేది. మన గడియారమున అయిదు గంటల అయిదు నిమిషములు. నడుపుచున్నది సూరాడ దానేశ్వరి. వర్ణన చాలును. ఆమె యెవరో చెప్పవలయును.

దానేశ్వరి మత్స్యకారుల బిడ్డ, ఇరువదినాలుగేండ్లది. పగలెల్ల ఆ విమానాశ్రయముననే విమానములకు పెట్రోలు పట్టు కొలువు చేయుచు, కొలువునకు ముందు దొరకు వేకువగంటను తన శిక్షణకై గైకొనినది. తక్కిన విద్యార్థులు లేచి పండ్లు తోముకొనుచుండ ఆమె యప్పటికే దిగివచ్చి రెక్కనీడను నిలిచి లాగ్‌బుక్కు వ్రాయుచుండెడిది. లాగ్‌బుక్కనగా పైలటు బ్రతుకు. ఏనాడు ఏ విమానమును ఎంతసేపు నడిపితినని తానే వ్రాసి గురువుచే చేవ్రాలు చేయించుకొను పుస్తకమది. రెండువందల గంటలు నిండినగాని లైసెన్సు రాదు. అందులో నొక్కటి దొంగగంట యని తేలినచో అయిదేండ్లవఱకు ఆకాశపు తలుపు మూతపడును.

ఆమె గురువు కెప్టెన్ రుద్రభట్ల నరహరి. ముప్పదియేండ్లుగా శిష్యులకు ఎగురుట నేర్పిన దిట్ట, పలుకునందు కఱకు, పనియందు నిష్ఠ గలవాడు. ఇంజను వేడి చల్లారకమున్నే సిరాకలముతో వ్రాయవలయుననియు, ఇంజను తిరిగిన గంటలను చూపు మీటరంకెను చివరి గడియందు వేయవలయుననియు, తప్పు వ్రాసినచో చెరుపక తెల్లరంగు పూయక ఒక్క గీత గీసి ప్రక్కను పొడియక్షరములు వేయవలయుననియు ఆయన శాసనము. ఇంతవఱకు మేలు. అయినను ఆయనకు మఱియొక యాచారము గలదు. లోకమందలి వైమానికులెల్లరు గ్రీనిచ్ గడియారమునే తమ గడియారముగా నెంచుకొని వ్రాయుదురు. అది మనదానికంటె అయిదున్నర గంటలు వెనుకబడి నడచును. మనకు పండ్రెండవనాటి వేకువ అయిదుగంటల అయిదు నిమిషములైనప్పుడు అచ్చట పదునొకండవనాటి రాత్రి పదునొకండున్నర దాటి అయిదు నిమిషములు. నరహరిగారు వేళను గ్రీనిచ్ ప్రకారము వ్రాయించుచు తేదిని మాత్రము తన కన్నులయెదుట పొడుచు సూర్యుని ప్రకారము వ్రాయించెడివాడు. తక్కిన విద్యార్థులు సూర్యుడు పైకెక్కినపిమ్మట ఎగురువారు గనుక వారికి రెండు తేదులును ఒక్కటే. దానేశ్వరి యొక్కతెకే పదునేడు వేకువలయందు అవి వేఱువేఱు. గురువు చెప్పెను, ఆమె వ్రాసెను, ఇరువురును చేవ్రాలు చేసిరి.

ఆ యేడు కాగితపు పుస్తకముతోపాటు ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్కునందును గంటలన్నియు నెక్కింపవలయునని పైనుండి ఉత్తరువు వచ్చెను. దానేశ్వరి కాగితమందున్నది ఉన్నట్టే దింపెను. పండ్రెండవ తేది రాత్రి పదునొకండున్నర యని చూచి యంత్రము తన ధర్మమున లెక్కకట్టి, మన గడియారమున నది పదుమూడవనాటి వేకువ యని తేల్చినది. పదుమూడవనాడా విమానము ఇంజను ఊడదీయబడి హేంగరులో నుండెను. ఇంతకంటె నేరస్థురాలు వేఱుగ కావలయునా? లైసెన్సు దరఖాస్తు నిలిచిపోయెను. దొంగగంటలు వ్రాసినదన్న మాట క్యాంటీనువఱకు వ్యాపించెను. పెట్రోలు పట్టు పిల్లకు ఆకాశమేల యని మున్నే గొణిగినవారికి ఆ దినమున భోజనము రుచించెను.

జూలై నెల ఇరువదవనాటి ఉదయమున విచారణాధికారి ప్రభంజనరావు వచ్చి హేంగరులోనే బల్ల వేయించుకొని కూర్చుండెను. ఆయన దుర్మార్గుడు గాడు. తెరపై కనబడినదే లోకమని నమ్మినవాడు. దానేశ్వరి యెదుట నిలిచినది. కెప్టెన్ నరహరి యొకప్రక్కను చేతులు కట్టుకొని నిలిచియుండెను. మెకానిక్కు పిన్నింటి అప్పలసూరి గ్రీజుచేతులు గుడ్డతో తుడుచుకొనుచు విమానపు ముక్కు కడ నిలిచెను.

“చూడమ్మా, పదమూడో తారీఖున ఈ విమానానికి ఇంజనే లేదు. గంటా పన్నెండు నిమిషాలు ఎగిరానని రాశావు. దేనిమీద ఎగిరావు?” అని అధికారి యడిగెను.

అప్పలసూరి అడుగకయే యందుకొనెను. “ఇంజన్ దింపినోణ్ణి నానే బాబూ. ఇంజన్ లేని బండిని ఎగరేసినాదంటే లైసెన్సు కాదు, ఈ పిల్లకి గుడి కట్టాల.”

“నువ్వాగు,” అనెను అధికారి.

“ఎగిరింది పన్నెండున సార్,” అని దానేశ్వరి తడబడక పలికెను. “పదమూడని నాను రాయనేదు.”

“అయితే కంప్యూటర్ అబద్ధం చెప్తోందా?”

“నేదు సార్. దాని కూడిక తప్పుకాదు. మనం దానికేటి సెప్పినామో అదే సెప్పింది. గ్రీనిచ్ టైముకి మన తారీకు తగిలించి ఇచ్చినాం. తప్పు ఇచ్చిన సేతిది. తిరగేసింది తారీకు, దొంగది కాదు గంట.”

అధికారి కాగితపు పుస్తకమును తిరుగవేసి చూచి, “ఇదంతా నువ్వు నిన్న కూర్చుని రాసుండొచ్చు కదా?” అనెను.

“రాసుండొచ్చు సార్. అందుకే నా పుస్తకం నమ్మొద్దు. ఆ ఎగురుడికి ఆఖరి గడిలో మీటరంకె ఉంది, మీ కాయితం మీద రాసుకోండి. తర్వాత ఈ బండి మీటరూ మరమ్మత్తూ రోజూ రాసే సూరిబాబాయ్ పుస్తకం తియ్యమనండి. అది నాను ఏనాడూ ముట్టనేదు. బీరువాలో ఉంటాది, తాళం బాబాయ్ మొలతాడుకుంటాది.”

“నిద్దట్లోనూ ఇప్పను బాబూ,” అనెను అప్పలసూరి. “దానికోసరమే మా ఇంటిది రోజూ తగువెట్టుకుంటాది.”

ప్రభంజనరావు తన కాగితముపై నాలుగువేల మూడువందల పండ్రెండు పాయింటు ఆరు అని వ్రాసికొనెను. అప్పలసూరి బీరువా తెఱచి, నూనెమరకలతో చిత్తడియై అట్ట చివికిన తన పుస్తకమును తెచ్చి, వ్రేలితో వెదకి, బిగ్గఱగా చదివెను. జూన్ పండ్రెండు, మధ్యాహ్నము రెండు గంటలు, ఇంజను దింపడమైనది, మీటరు నాలుగువేల మూడువందల పండ్రెండు పాయింటు ఆరు.

అధికారి రెండంకెలను ప్రక్కప్రక్కను పెట్టి చూచెను. మీటరునకు తేది తెలియదు, గ్రీనిచ్ తెలియదు, అధికారి దర్పము తెలియదు. ఇంజను తిరిగిన ముందుకు పోవును, ఆగిన నాగును. ఆమె దిగినప్పుడు ఏ యంకె యున్నదో ఇంజను దింపినప్పు డదే యంకె. ఆమె యెగిరినది దానికి ముందే యని చెప్పుటకు వేఱు సాక్షి యక్కఱలేదు.

“ఒకటి కలిసింది. మిగతా పదహారు?” అనెను అధికారి, స్వరము కొంత తగ్గించి.

“కలపండి సార్. తొందర నేదు. ఈ పూట సెలవెట్టినాను.”

రెండు గంటలకాలము పుటలు తిరిగినవి. ఒక యెగురుట ముగిసిన యంకె వెనువెంటనే మఱియొకదానికి మొదలై, పదునాఱును తమతమ వేకువలయందే సరిగ నమరినవి. అధికారి కలము దింపి, “మరి ఈ తారీఖులు ఇలా రాయమన్నదెవరు?” అని ప్రశ్నించెను.

దానేశ్వరి గురువువంక చూడలేదు. “రాసింది నాను సార్,” అనెను.

అప్పుడు నరహరిగారు కట్టిన చేతులు విడిచెను. శిక్షకుడుగా తన లైసెన్సు సైత మాక్షణమున ఆ బల్లమీదనే యున్నదని యెఱుగని యమాయకుడు గాడు. “రాయమన్నది నేను. సూర్యుడు ఎదురుగా పుడుతుంటే నిన్నటి తేదీ వెయ్యడానికి నాకు మనసొప్పేది కాదు. కాగితం చదివే మనిషికి అర్థమయ్యేది. మిషనుకి అర్థం కాలేదు. అర్థం కావాలనడం నా పొగరు. నా పేరు రాసుకోండి,” అని పలికెను.

అధికారి వ్రాసికొనెను. నరహరిగారికి తాకీదు వచ్చును, దానిని ఆయన భరించును. అధికారి దానేశ్వరి దరఖాస్తుపై గంటలు సరిపోయినవని వ్రాసి, దయతోనే యొక సలహా నిచ్చెను. “కొత్త పుస్తకం కొనుక్కుని అంతా శుభ్రంగా తిరగరాసెయ్యమ్మా. పదిహేడు కొట్టివేతలుంటే చూసేవాళ్లకి బాగుండదు.”

“శుభ్రంగా తిరగరాస్తే అప్పుడవుద్ది సార్ దొంగపుస్తకం,” అని ఆమె కలము మూత తీసినది.

పదునేడు తేదులమీద పదునేడు గీతలు. గీత ప్రక్కను సరియైన తేది, దాని ప్రక్కను ఆమె పొడియక్షరములు, వానిక్రింద గురువువి. ఏ గీత క్రిందనైనను పాత తేది చదువుటకు వీలుగనే యున్నది. పిమ్మట తెరమీదను పదునేడింటిని దిద్ది, ప్రతిదానికిని కారణము వ్రాసినది. యంత్రమును పాత తేదిని పాఱవేయక తన పొరలలో దాచుకొనినది.

కాగితము గొప్పదా యంత్రము గొప్పదా యని వాదించువారు వాదింతురుగాక. ఒకటి తప్పును పట్టినది, మఱియొకటి నిజమును దాచి యుంచినది. తప్పు చేయని చేయి పుట్టలేదు. తప్పును కప్పిన చేతినే శంకింపవలయును, గీత గీసి పేరు వ్రాసిన చేతిని నమ్మవలయును. ఇది విమానములకే గాదు, ఊరిని నడుపువారికిని చెల్లును.

మఱునాటి వేకువను దానేశ్వరి మరల నెగిరి దిగినది. ఇంజను లోహము టకటకమని చల్లారుచుండ రెక్కకడ నిలిచి పుస్తకము తెఱచినది. ఇరువదియొకటవనాటి లేతయెండ ఆ పుటపై పరచుకొనియుండ, ఆమె తేదిగడియందు ఇరువది యని వ్రాసెను.