దొంగగారి కొలతలు

ఆ టైలరుని ఊరంతా అరగజం అని పిలిచేది. అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ మనిషి. ఆ పేరు పెట్టినవాళ్ల మీద ఆయనకి కోపం ఉండేది కాదు, ఎందుకంటే వాళ్ల కోట్లన్నీ ఆయనే కుట్టాడు, ఎవరి లోపల ఎంత సరుకుందో ఆయనకి తెలుసు. బొజ్జ ఉన్నవాడికి బొజ్జ మాయం చేసేవాడు, భుజాలు లేనివాడికి భుజాలు పెట్టేవాడు. మెడలో టేపు ఉండేదే గానీ అది నగలాంటిది. మనిషి గుమ్మం దాటి నాలుగడుగులు లోపలికి వచ్చేలోపు ఎత్తు, ఛాతీ, చేతి పొడవు ఆయన కళ్లే చెప్పేసేవి. వద్దనుకున్నా ఆగని అలవాటు అది.

ఆయన భార్య సిటీ బస్సు డ్రైవరు. నిండైన మనిషి, నిదానమైన మనిషి. అంత పొడుగు బస్సుని సందు మలుపులో ఒక్కసారి తిప్పి నిలబెట్టేది, జనం చూస్తూ ఉండిపోయేవాళ్లు. అరగజానికి ఆవిడంటే ప్రాణం. ఆవిడ దృష్టిలో తను కాస్త ధైర్యమున్న మొగుడిలా కనిపించాలన్నది ఆయన జీవితాశయం. పాపం, ఆ ఆశయానికే రెండు నెలల క్రితం గండం వచ్చిపడింది.

ఆ రోజు కడుపునొప్పని షాపు తెరవకుండా ఇంట్లో పడుకున్నాడు. పొద్దున్న పదకొండింటికి ముందు తలుపు తాళంలో ఏదో గీకిన చప్పుడైంది. అరగజం లేచాడు. లేచి, కర్ర తీసుకోలేదు, కేక వెయ్యలేదు. పడగ్గది కర్టెను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. దొంగ తాపీగా వచ్చాడు. కూజాలో నీళ్లు తాగాడు. అద్దం ముందు తల దువ్వుకున్నాడు. తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ఆపి, వైరు చక్కగా చుట్టి చంకన పెట్టుకున్నాడు. రేడియో మీద దుమ్ముంటే చేత్తో తుడిచి మరీ తీసుకున్నాడు. అంతసేపూ కర్టెను వెనకాల అరగజం గుండె దడదడలాడుతూనే ఉంది, కళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఛాతీ ముప్ఫై ఎనిమిది. ఎడమ భుజం అర అంగుళం దిగుడు.

దొంగ వెళ్లాక ఆయన వెనక గుమ్మంలోంచి బయటపడి వీధులన్నీ తిరిగాడు. రెండు దాటాక, భార్య డ్యూటీ దిగి వచ్చే వేళకి, షాపునుంచి వస్తున్నవాడిలా ముందు గుమ్మంలోకి వచ్చి, "ఏమైంది?" అని అడిగాడు. ఆ ఒక్క అబద్ధంతో పోయేది. కానీ పక్కింటివాళ్లు పోగయ్యేసరికి నోరు ఊరుకోలేదు. "నేను ఇంట్లో లేకపోయాను గానీ, ఉంటేనా, వాణ్ణి నిలువునా కత్తిరించి పారేసేవాణ్ణి" అన్నాడు. ఆవిడ ఆయన వంక చూసింది. ఆ చూపు అభిమానమో అనుమానమో తెలియక ఆయనకి వారం రోజులు అన్నం సయించలేదు. ఈ సంగతి ఆవిడకి తెలిస్తే బతికి లాభం లేదని తీర్మానించుకున్నాడు.

అప్పుడు పుట్టింది ఒక యంత్రం. తనకి లేని ధైర్యాన్ని ఎక్కడినుంచైనా తెచ్చి గుమ్మంలో పెట్టాలి కదా. షాపులో మూలన పడున్న పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. ఎనిమిది కిలోల ఇనుము. దాన్ని గట్టి కాన్వాసు పట్టీతో హాల్లో గుమ్మం పైనున్న కొక్కేనికి వేలాడదీసి, వెనక్కి లాగి, బీరువా మీద ఒక చెక్క మేకుకి ఆనించాడు. మేకునుంచి తలుపుకి నైలాను దారం కట్టాడు. తలుపు తెరుచుకుంటే మేకు ఊడుతుంది. మేకు ఊడితే పెట్టె ఊగుతూ వచ్చి గుమ్మంలో ఉన్నవాడి నుదుటికి తగులుతుంది. ఏ నుదుటికి? అయిదడుగుల ఏడంగుళాల ఎత్తున ఉండే నుదుటికి. అరగజం తన వృత్తిలో ఎన్నడూ అంత కచ్చితంగా కొలత తియ్యలేదు. షాపులో కోట్లు తగిలించే బొమ్మని పెట్టి పరీక్ష చేస్తే దాని తల ఎగిరి గేటు దగ్గర పడింది.

రోజూ తొమ్మిదింటికి దారం బిగించి, వెనక తలుపుకి తాళం వేసి షాపుకి వెళ్లేవాడు. ఒంటిగంటన్నరకి వెనకనుంచే భోజనానికి వచ్చి, అంతా విప్పి అటక మీద దాచేసేవాడు. ఆవిడ తెల్లవారే డ్యూటీకి వెళ్లి, రెండింటికి బస్సు డిపోలో పెట్టి, పది నిమిషాలు నడిచి ఇంటికి వచ్చేది. మూడు వారాలు ఈ కార్యక్రమం గడియారంలా నడిచింది. ఆవిడకి చీమంత అనుమానం కూడా రాలేదు.

నాలుగో వారంలో ఒకరోజు ఒంటిగంటకి ప్లీడరు గారు కోటు ట్రయలుకి వచ్చారు. మర్నాడు పెద్ద కేసుందిట. అరగజం నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటుకి కుడి చెయ్యి బిగించాడు. ఎడమ చెయ్యి ఇంకా అతకలేదు, బల్ల మీద ఉంది. ప్లీడరు గారు రెండు చేతులూ చాపుకుని నిలబడి, ఊరుకోలేక చుట్టూ చూశారు.

"ఏమయ్యా, ఈ బొమ్మకి తల ఏమైంది?"

నోట్లో సూదులున్నా పళ్ల సందులోంచి మాట్లాడటం టైలర్లకి మామూలే. "మా స్నేహితుడొకడు తీసుకెళ్లి పగలగొట్టాడండీ. దొంగల కోసం ఏదో ఏర్పాటు చేసుకున్నాడు లెండి" అన్నాడు. అని, వివరం చెప్పాడు. లోలోపల కాస్త మెప్పు ఆశించాడు కూడా.

ప్లీడరు గారి మొహం వెలిగిపోయింది. అడక్కుండానే చట్టం చెప్పే మనిషికి ఒకడు అడిగి మరీ చెప్పించుకుంటే ఇంకేం కావాలి. "మీ స్నేహితుడు జైలుకి పోతాడు" అన్నారు సంతోషంగా.

"అదేంటండీ, వాడి ఇల్లే కదా."

"ఇల్లు వాడిదే. దొంగ తల దొంగది. కత్తి పట్టుకుని మీదికొచ్చాడనుకో, ప్రాణం కాపాడుకోడానికి కొడతావు, ఎవరూ తప్పు పట్టరు. వాడు వెనక్కి తిరిగి పారిపోతుంటే? కొట్టకూడదు. ఫ్యాను పట్టుకుని పోతుంటే? కేకలెయ్యి, పట్టుకో, పోలీసుల్ని పిలువు. ఒక ఫ్యాను కోసం మనిషి ప్రాణం తీస్తావా?"

"మరి తలుపు పగలగొట్టుకొచ్చినవాణ్ణి హారతిచ్చి పంపాలా అండీ?" అరగజానికి రోషం వచ్చింది. ఆ రోషంలో గడియారం సంగతి మర్చిపోయాడు. ఒంటిగంటన్నర ఎప్పుడో దాటింది.

"చెయ్యి ఎత్తేముందు మనిషి చూస్తాడయ్యా. వచ్చింది ఎవరు, ఎందుకొచ్చారు, మీదికొస్తున్నారా, పోతున్నారా అని. మీ వాడు ఇంట్లో ఉండడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎవరి ప్రాణం కాపాడుతోంది ఆ ఇస్త్రీ పెట్టె? అసలు వచ్చినవాడు దొంగేనని దానికెలా తెలుస్తుంది?"

"కొలత పెట్టాడండీ." అరగజం గొంతులో గర్వం దాగలేదు. "అయిదు అడుగుల ఏడు. పొట్టివాళ్లని ఏమీ చెయ్యదు."

"ఊళ్లో ఆ ఎత్తువాడు ఒక్క దొంగేనా?"

అది ప్లీడరు ఊరికే విసిరిన ప్రశ్న. కానీ అరగజం బుర్రలో ఊరి కొలతలన్నీ ఉన్నాయి, అడిగితే చాలు వరసగా బయటికొస్తాయి. అయిదు ఏడు. గ్యాసు సిలిండర్లు తెచ్చేవాడు. పోస్టుమాన్ అరంగుళం అటూ ఇటూ. స్కూలు పెద్ద మాస్టారు. చెప్పుల్లేకుండా నిలబడితే ఈ ప్లీడరు గారే. ఇంకా, పోయిన నెలే కత్తిరించిన ముదురు నీలం డ్రైవరు యూనిఫాం చొక్కా, రెండు జేబులు, మడత కాలరు. ఆ చొక్కా దగ్గరకి వచ్చేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి.

గోడ గడియారం వంక చూశాడు. రెండూ రెండు నిమిషాలు.

ఫోను తీశాడు. ఆవిడ డ్యూటీలో ఫోను ఆపి సంచీలో పడేస్తుంది, ఇంటికి వచ్చాకే తెరుస్తుంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత ఆయన చేసిన పనికీ బుద్ధికీ సంబంధం లేదు. చేతికందింది పట్టుకుని వీధిలోకి పరుగందుకున్నాడు. అందింది కోటు ఎడమ చెయ్యి.

"ఒరేయ్, నా చెయ్యి" అంటూ ప్లీడరు గారు వెనకపడ్డారు. కోటు విప్పుదామంటే ఒళ్లంతా సూదులు, వేసుకుని పరిగెడితే అడుగడుక్కీ పోట్లు. ముందు అరగజం, మెడలో ఎగురుతున్న టేపు, పెదాల మధ్య సూదులు. వెనక ఒంటిచేతి కోటుతో "అబ్బా, అమ్మా" అంటూ న్యాయశాస్త్రం. క్షవరం షాపాయన చేతిలో కత్తి అలాగే పట్టుకుని బయటికొచ్చి, "ప్లీడరే స్వయంగా తరుముతున్నాడంటే చిన్న కేసు కాదు" అన్నాడు. సగం గడ్డంతో ఒకాయన ఆయన వెనకాలే వచ్చి అవునన్నాడు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు విజిలేశాడు, ఎవరి కోసమో తేల్చుకోలేక రెండోసారి వెయ్యలేదు.

పరిగెడుతుంటే అరగజానికి ఒక్కటే కనిపిస్తోంది. ఎనిమిది కిలోల ఇనుము, దాని ఎదురుగా ఆవిడ నుదురు. ఆవిడకి నిజం తెలిసిపోతుందన్న భయం రెండు వీధుల అవతలే ఎక్కడో జారిపోయింది. తెలిస్తే తెలియనీ, ఉంటే చాలు అనుకున్నాడు.

సందు తిరిగేసరికి ఆవిడ మూడో మెట్టు మీద ఉంది. తాళం తీసేసింది. చెయ్యి తలుపు మీద ఉంది. ఆయన అరుద్దామని నోరు తెరవబోయాడు. సూదులు. ఉమ్మేశాడు. ఉమ్మేశాక ఊపిరి లేదు. ఉన్న కాస్త శక్తీ కాళ్లలో పెట్టి మెట్లెక్కితే కోటు చెయ్యి కాళ్లకి చుట్టుకుంది. వెళ్లి భార్య పాదాల మీద సాష్టాంగం పడ్డాడు.

"అయ్యో, ఏమైందండీ" అని ఆవిడ తలుపు నెట్టిన చేత్తోనే ఆయన్ని లేపుదామని వంగింది.

వాళ్లిద్దరి మీదుగా ఏదో హూంకరిస్తూ బయటికెళ్లి, తిరిగి లోపలికెళ్లి, మళ్లీ బయటికొచ్చింది. ఆవిడ జుట్టు నిండా పాత బొగ్గు బూడిద రాలింది. గేటు దగ్గరికి వచ్చిన ప్లీడరు గారు నోరెళ్లబెట్టి అటూ ఇటూ తల తిప్పుతూ చూశారు. అయిదారుసార్లు ఊగాక అది గుమ్మం మధ్యలో నిలబడింది. ఆవిడ లేచి నిలబడింది. ఇస్త్రీ పెట్టె మొన సరిగ్గా ఆవిడ కనుబొమల మధ్యకి వచ్చింది.

"ఏంటిది?"

"ఇస్త్రీ పెట్టె" అన్నాడు నేల మీదనుంచే.

"అది కనిపిస్తోంది."

"దొంగ కోసం పెట్టాను."

ఆవిడ చెయ్యి పైకెత్తి తన నుదుటికీ ఆ ఇనప మొనకీ మధ్య జాగా చూసుకుంది. రెండు వేళ్లు కూడా పట్టలేదు. "నాకు కుట్టినట్టు సరిపోయిందే."

"దొంగదీ నీ ఎత్తే" అన్నాడు ఆయన, ఏం మాట్లాడుతున్నాడో తెలియకుండా. "ఛాతీ ముప్ఫై ఎనిమిది."

ఆవిడ కిందికి చూసింది. "దొంగ కొలతలు మీకెలా తెలుసు?"

"ఆ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు" అన్నారు ప్లీడరు గారు గేటు దగ్గరనుంచి, అలవాటు కొద్దీ.

కానీ అరగజం చెప్పేశాడు. మెట్టు మీద కూర్చుని, కోటు చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కడుపునొప్పి దగ్గరనుంచి వెనక గుమ్మం దాకా అంతా చెప్పాడు. దొంగ తల దువ్వుకోవడం కూడా వదల్లేదు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. "వాడు నా ఇంట్లో నా కూజాలో నీళ్లు తాగుతుంటే కర్టెను వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చాలా భయమేసింది. నేను పిరికివాణ్ణి" అన్నాడు. ఈ చివరి మాట పక్కింటివాళ్లు కూడా విన్నారు. ఆయనకి పట్టలేదు.

ఆవిడ పక్కన కూర్చుని జుట్టులో బూడిద దులుపుకుంది.

"పదకొండేళ్లుగా బండి నడుపుతున్నాను" అంది. "రోజుకొకడైనా అడ్డంగా వస్తాడు. దారి నాది, సిగ్నలు నాది, తప్పంతా వాడిది. అయినా బ్రేకు వేస్తాను. నన్ను ఎవరైనా పిరికిదన్నారా?"

"నీది ధైర్యం."

"ధైర్యం కాదండీ, భయం. వాడు చస్తాడని భయం. రోజూ భయపడే వేస్తాను." "ఆ రోజు మీరు కర్టెను వెనకాల ఆగబట్టే నేను వచ్చేసరికి ఉన్నారు. ఫ్యాను పోతే పోయింది. ఈ రోజు నేనే వంగకపోతే ఏం చేసేవారు?"

ఆయన కోటు చెయ్యి మెట్టు మీద పెట్టాడు. లేచి కత్తెర తెద్దామని లోపలికి వెళ్లాడు. తల వంచక్కర్లేదు, పెట్టె ఆయన తల పైనే ఉంది. స్టూలు వేసుకుని ఎక్కి, పట్టీకి కత్తెర ఆనించాడు. ఆవిడ వచ్చి కింద ఇస్త్రీ పెట్టెని రెండు చేతులతో పట్టుకుంది.

"కొయ్యండి" అంది. "పట్టుకున్నాను."