బమ్రోలిలో రెక్కలు విప్పిన పురుగు

నవత హిమాలయాల్లోని ఒక పైన్ అడవిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తుండగా, 2020 మార్చిలో ఇంటికి వెళ్లిపొమ్మని కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ఆమె చదువుతున్నది పైన్ ఆకులు తిని పెరిగే హాక్ మాత్‌ను. సీతాకోక కంటే బరువైన, బూడిదరంగు రెక్కల పురుగది. రాలిన ఆకుల కింద దొరికిన మూడు ప్యూపాలను స్వీటు డబ్బాలో పెట్టుకుని సూరత్ రైలెక్కింది.

సూరత్‌లోని బమ్రోలిలో వాళ్లది ఒకటే గది. తండ్రి నర్సింగం తెలంగాణ నుంచి వలసొచ్చి ముప్పై ఏళ్లుగా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నాడు. ఆమె వచ్చిన మూడోరోజే లాక్‌డౌన్ పెట్టారు. సాంచాలు ఆగిపోయాయి.

"మంది బియ్యం, పప్పు తెచ్చుకుంటున్రు. నువ్వు పురుగులు తెచ్చినవా బిడ్డా?" అన్నాడు.

ఏప్రిల్ ఎండకు పైకప్పు రేకులు కాలిపోయేవి. తల్లి లింగవ్వ డబ్బాకు తడిగుడ్డ చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టింది. అయినా రెండు ప్యూపాలు ఎండిపోయాయి. మూడోది ఒక సాయంత్రం పగిలి ఆడపురుగు బయటికొచ్చింది. గోడెక్కి రెక్కలు ఆరబెట్టుకుంది. పైన్ బెరడు మీదయితే కంటికి ఆనేది కాదు. ఆ పచ్చసున్నం గోడ మీద మాత్రం గుమ్మం నుంచే కనిపిస్తోంది.

నర్సింగం దగ్గరికెళ్లి చూశాడు. "రంగెయ్యని బట్టతాను లెక్కుంది. ఏం తింటది?"

"పూలల్ల తేనె తాగుతది బాపు. ఇక్కడ చక్కెర నీళ్లే పెట్టాలె. నాలుక చుట్టుకొని ఉంటది, సూదితోని విప్పాలె. అంత సన్నపని నాకు చాతకాదు."

"ఇటు తే."

తెగిన పోగులు అతికి అతికి అలవాటైన వేళ్లు అవి. వెంట్రుకంత నాలుకను మెల్లగా విప్పి నీళ్లలో ముంచాడు. పురుగు తాగింది. రోజూ సాయంత్రం ఆ పని ఆయనదే అయింది.

రెక్కలు చిరగకముందే చంపి భద్రపరచమని నవత ప్రొఫెసర్ ఫోన్‌లో చెప్పాడు.

"గంత తొందరేంది? చచ్చినంక చేసుకో," అన్నాడు నర్సింగం. నవత వాదించలేదు.

నాలుగోరోజు అది గోడ మీద గుడ్లు పెట్టింది. మగపురుగు లేదు కాబట్టి వాటిలోంచి పిల్లలు రావని నవత చెప్పింది. అయినా నర్సింగం లింగవ్వను ఆ గోడ తుడవనివ్వలేదు.

ఆరోరోజు పురుగు చచ్చిపోయింది. నవత దానికి పిన్ను గుచ్చి, చీటీ మీద తేదీ రాసి, చోటు దగ్గర 'బమ్రోలి, సూరత్' అని రాసింది. వారానికి గుడ్లు సొట్టలు పడ్డాయి. సాంచాలు మళ్లీ మొదలైన రోజు, నర్సింగం పనిలోకి వెళ్లాక, ఆమే గోడ తుడిచింది.