నాలుగు మాత్రల ఖాళీ

పక్షవాతం వచ్చాక అత్తయ్యకు మిగిలిన మాటలు రెండే: "ఊఁ", "కాదు". పాట మాత్రం పోలేదు. ఎప్పుడో ఆవిడే కట్టిన జోలపాట.

గాలీ గాలీ మెల్లగ రావే
వాలిన రెప్పల మీదికి రావే

మూడో పాదం మొదట్లోనే ఆగిపోతుంది. నోరు తెరుచుకుంటుంది, మాట రాదు. ఆ మాట నా దగ్గరున్నట్టు నా చెయ్యి పట్టుకుని ఊపుతుంది. వారం రోజులుగా ఇదే.

"చిన్ని పాపకు నిద్దుర తేవే, గాలీ గాలీ మెల్లగ పోవే," అని మావారు పూర్తిచేశారు. "చిన్ని అంటే నేనే. నాకోసం కట్టిన పాటే కదమ్మా?"

"కాదు," అంది అత్తయ్య.

"చూశావా, కన్నకొడుకునే కాదంటోంది!" అని నవ్వుతూ ఆయన స్నానానికి వెళ్ళారు.

నేను మందుల చీటీ వెనక పాట రాసి గురులఘువులు పెట్టాను. పాదానికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు. 'చిన్ని' మూడు మాత్రలే అయినా, పాటలో 'చిన్నీ' అని సాగదీస్తే నాలుగు, సరిపోతుంది. కానీ రెండో అక్షరం? గాలీ, వాలిన, మళ్ళీ గాలీ. అన్నిచోట్లా 'ల'. చిన్నిలో 'న'. పెళ్ళయిన కొత్తలో నా పద్యం చూసి, "ప్రాస తప్పావే పిల్లా, గుండీ పక్క కాజాలో పెట్టుకున్నట్టుంది," అన్న మనిషి ఈవిడ. సొంత పాటలో తప్పదు.

అంటే అక్కడ మొదట ఇంకో పేరుండేది. మావారికంటే ముందు, ఈ ఇంట్లో ఎవరూ తలవని ఇంకో పాప.

"అత్తయ్యా, నీలూ?"

"కాదు."

"లీలా?"

"కాదు."

"శైలూ? మాలా?"

"కాదు. కాదు."

ఈసారైనా చెప్పేస్తానేమోనని నా పెదాలనే చూస్తోంది. ఎన్ని మాత్రలో తెలుసు, రెండో అక్షరం తెలుసు. ఇంకేమీ తెలియదు. అడుగుదామంటే మామయ్య లేరు. మావారిని అడిగితే ఆయన పాట ఆయనకు కాకుండా పోతుంది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "తేలిందా, ఛందస్సు మాస్టారూ?"

"లేదండీ," అని చీటీ మడిచాను.

అత్తయ్య మళ్ళీ మొదలుపెట్టింది. మూడో పాదం దగ్గర ఆగి, దుప్పటి మీద వేలితో తాళం వేసింది. ఒకటి, రెండు.

"చిన్ని!" అని అందించారు మావారు.

వేలు అక్కడే ఆగిపోయింది.